అక్కడొకటి, ఇక్కడొకటి

మా కాలువల శాఖ జనం మాట వినదని పత్రికలవాళ్ళు రాస్తుంటారు. ఆ శాఖలో డ్రాయింగులు గీసుకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆ రాతలు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. జనం మాట మా శాఖ విన్నట్టు ఇంకెవరూ వినలేదు. ఒక ముసలామె విసుగెత్తి అన్న ఒక్క ముక్కను పట్టుకుని మా శాఖ ఎంత సిమెంటు పోసిందో, ఎంత ఇనుము కలిపిందో కళ్ళారా చూస్తే, రాసేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. ఆ ముసలామె మా మేనత్త. అందుకని ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకొకరికి తెలిసే వీల్లేదు.

మాది గోదావరి లంకల వైపు. ఊరి పేరు చెప్పను. చెబితే మా శాఖకు ప్రచార యావ అంటగడతారు. ఊరి పక్కన రెండు కాలువలు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. చిన్న కాలువ నేల మీద తన మానాన తాను పోతుంటుంది. పెద్ద కాలువ మాత్రం రాతి స్తంభాల మీద కట్టిన పొడుగాటి తొట్టెలోకి ఎక్కి, చిన్న కాలువ నెత్తి మీదుగా అవతలి గట్టుకు వెళ్ళిపోతుంది. దీని నీళ్ళు దానికి తగలవు. పైన ఒక పడవ, కింద ఒక పడవ ఒకేసారి పోతుంటే కొత్తవాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూస్తారు. ఈ కట్టడాన్ని ఇంజనీర్లు అక్విడక్టు అంటారు. కట్టించిన దొరలు ఆ మాట ఒకటి పారేసి వెళ్ళిపోయాక, అది మా ఊరివాళ్ళ నోళ్ళలో నలిగి నలిగి "అక్కడొకటి" అయింది. "గేదెల్ని ఎక్కడ కడిగావురా?" అంటే "అక్కడొకటి కింద" అంటారు. ఇందులో మాకెవరికీ వింత తోచదు.

ఈ అక్కడొకటికి అడుగున చిన్న కాలువ పోవడానికి కమానులున్నాయి. ఏళ్ళ తరబడి ఆ కమానుల్లో గుర్రపు డెక్క పేరుకుపోయింది. ఊదారంగు పూలతో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గాని, నీటిచుక్కను ముందుకు పోనివ్వదు. కమానులకు దిగువన చిన్న కాలువ మీద ఆధారపడ్డ పొలాల్లో అన్నిటికంటే చివరిది మా అత్త పల్లాలమ్మది. ఎకరంన్నర. మా తాత కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను. మా అమ్మా నాన్నా పోయాక నన్ను సాకి, చదివించి, డ్రాయింగు బల్ల ముందు కూర్చోబెట్టింది ఆ చేనే. ఆ ఏడు సార్వా పంటకు నాట్లు ఊడ్చి నెల దాటినా పైరు జానెడు లేవలేదు. చేను చూసొచ్చిన రోజున అత్త సగం అన్నం కంచంలోనే వదిలేసి లేచిపోయేది. అది చూడలేక, "మా ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు, వచ్చి చెప్పుకో అత్తా" అన్నాను.

సరిగ్గా అంతకు ముందు వారమే పైనుంచి మాకొక సర్క్యులర్ వచ్చింది. దాని నెత్తిన "జనవాక్యం కర్తవ్యం" అని పెద్ద అక్షరాలు. ఇంజనీరింగు పుస్తకములు పరాయి జ్ఞానమనియు, తరతరాల ప్రజానుభవమే అసలైన జలవిజ్ఞానమనియు, కావున ప్రతి డివిజను ఏటా కనీసం ఒక సంప్రదాయ విజ్ఞానమును కనిపెట్టి అమలుపరచి చూపవలెననియు దాని సారాంశం. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరాంకుశం గారు అది చదివి మంచం పట్టినంత పని చేశారు. మా డివిజనులో కాలువలున్నాయి, లాకులున్నాయి, మరమ్మతులున్నాయి గాని సంప్రదాయ విజ్ఞానం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చివరికి అటెండరు అబ్బులును పిలిచి, "నీకేమైనా సంప్రదాయం తెలుసునటయ్యా?" అని అడిగారు.

"తెలుసండి ఆయ్. మా బాబు తద్దినం మానకుండా పెడతానండి," అన్నాడు అబ్బులు.

అది జలవిజ్ఞానం కిందకు వస్తుందా రాదా అని పరాంకుశం గారు ఆలోచిస్తూ ఉండగానే సోమవారం వచ్చింది, మా అత్త వచ్చింది.

"చెప్పండమ్మా. మీ సమస్య యొక్క స్వరూపం ఏమిటి?" అన్నారు ఆయన.

"పైరు ఎదగట్లేదండి."

"ఎదుగుదల లోపం," అని ఆయన రాసుకున్నారు. "దీనికి కారణం?"

"అక్కడొకటి కింద గుర్రపు డెక్క అడ్డం పడిపోయిందండి. నలుగురు మనుషుల్ని దింపి పీకించేత్తే నీళ్ళు వాటంతటవే వత్తాయండి."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "అమ్మా, సదరు గుర్రపు డెక్క ఒక మొక్క. మొక్కలు వ్యవసాయ శాఖ. నీళ్ళలో ఉన్నది గనుక అది మత్స్యశాఖ అని వాళ్ళు రాస్తారు. చేప కాదు గనుక మత్స్యశాఖ వారు మాకే తిప్పి పంపుతారు. పంపినప్పుడు తగు చర్య నిమిత్తం పరిశీలించగలం. డెక్క కాకుండా ఇంకేదైనా కారణం ఉంటే సెలవియ్యండి."

"ఇంకేం కారణం ఉంటదండి?"

"తొందరేం లేదు. ప్రజానుభవంలోంచి రావాలి. బాగా ఆలోచించుకుని చెప్పండి."

కోపం వస్తే అందరికీ గొంతు పెరుగుతుంది. మా అత్తకు తగ్గుతుంది. ఆవిడ గొంతు తగ్గడం విని, మూల బల్ల దగ్గర కూర్చున్న నేను పెన్సిలు కింద పెట్టేశాను.

"అయితే ఇనండి బాబూ," అంది అత్త. "పడుకున్న పసిపిల్లోణ్ణి ఎవరన్నా దాటేత్తే ఏమవుద్దండి? ఎదగడు. గిడసబారిపోతాడు. మా చిన్న కాలవ పసిగుడ్డులాగ కింద పడుకునుంటే, మీ పెద్ద కాలవ బారలు చాపుకుని దాని మీంచి దాటెళ్ళిపోయింది. ఇంకేం ఎదుగుద్ది? పసోణ్ణి దాటినోళ్ళని ఏ ఇంట్లోనన్నా ఏం చేత్తారండి? ఎనక్కి దాటమంటారు. మీ పెద్ద కాలవని కూడా ఎనక్కి దాటమనండి, సరిపోద్ది!"

హాల్లో అర్జీదారులందరూ ఘొల్లున నవ్వారు. అబ్బులు గోడకు చేరబడి మరీ నవ్వాడు. పరాంకుశం గారు మాత్రం నవ్వలేదు. కుర్చీలోంచి మెల్లగా లేచి నిలబడ్డారు.

"అమ్మా, ఇది మీ పెద్దల నుంచి వస్తున్న మాటేనా?"

"మీ ఇంట్లో లేదేంటండి?"

"ఉంది," అన్నారాయన. "మా తమ్ముణ్ణి దాటానని మా అమ్మ నా చెవి పట్టుకుని వెనక్కి దాటించింది. తమ్ముడు ఇప్పుడు ఆరడుగులు. గవర్రాజూ, రాసుకోవయ్యా!"

రాసుకున్నాను. అది నా ఉద్యోగం.

నెల తిరక్కుండా రాజధాని నుంచి సంప్రదాయ జలవిజ్ఞాన సలహాదారు డాక్టర్ నీలగ్రీవం గారు దిగారు. ఖద్దరు లాల్చీ, భుజాన సంచీ, ఏది చూసినా "అద్భుతం!" అనే అలవాటు. ఆయన మా డివిజను పరిధిలోని పొట్టివాళ్ళందరినీ పిలిపించి, "చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరైనా దాటారా?" అని అడిగారు. పొట్టివాళ్ళందరూ దాటారనే చెప్పారు. పొట్టితనానికి అంత తేలిక కారణం దొరుకుతుంటే కాదనేవాడెవడు? మా అబ్బులు అయితే తనను దాటిన మేనమామ పేరు కూడా చెప్పి, ఆ పాత కక్షతో అక్కడికక్కడే రెండు తిట్లు తిట్టాడు. పొడుగువాళ్ళను నీలగ్రీవం గారు అడగలేదు. వాళ్ళకు సమస్యే లేనప్పుడు అడగడం దేనికి?

ఆయన ఇచ్చిన నివేదికలో మా అత్త మాటకు శాస్త్రీయమైన పేర్లు పెట్టారు. దాటడం "లంఘనం". దాటినందువల్ల ఎదగకపోవడం "లంఘన దోషం". వెనక్కి దాటడం "ప్రతిలంఘనం". పెద్ద కాలువ అవతలి గట్టు చేరిన వెంటనే గుండ్రంగా తిరిగి, మరో అక్విడక్టు మీదుగా చిన్న కాలువను వెనక్కి దాటి ఇవతలి గట్టుకు రావలెనని సిఫారసు. పథకం మంజూరైంది. డ్రాయింగు గీయమని నాకిచ్చారు.

గీస్తూ గీస్తూ నాకొక అనుమానం వచ్చి పరాంకుశం గారి గదిలోకి వెళ్ళాను. "సార్, పెద్ద కాలువ ఉన్నదే అవతలి గట్టు పొలాలకు నీళ్ళివ్వడానికి కదండీ. వెళ్ళినది వెళ్ళినట్టు తిరిగొచ్చేస్తే వాళ్ళ సంగతేమిటండీ?"

"గవర్రాజూ, నీ పని గీతలు గీయడం. ప్రశ్నార్థకం గీతల్లోకి రాదు," అన్నారాయన.

నిజమే కదా అనుకుని వచ్చి గీశాను.

కొత్త అక్విడక్టు పూర్తయ్యేసరికి సార్వాలు, దాళ్వాలు ఎన్నో పోయాయి. మా అత్త చేలో పైరు మాత్రం ఎప్పటిలాగే మోకాలెత్తు దాటలేదు. చేతికొచ్చే నాలుగు గింజలు విత్తనాలకు చాలేవి కావు. ఏటా ఊడ్పులప్పుడు పొరుగువాళ్ళు వద్దన్నా, "చేను బీడెడితే మా బాబు పైనుంచి చూత్తాడ్రా" అని ఆవిడ ఊడ్పించేది. కొత్తదానికి ఊళ్ళో పేరు వెతుక్కోవలసిన అవసరం కలగలేదు. పాతది అక్కడొకటి కాబట్టి ఇది "ఇక్కడొకటి" అయింది.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. సన్నాయి మేళం పెట్టారు. పెద్ద కాలువ నీళ్ళు అక్కడొకటి మీదుగా అవతలికి పోయి, గిరుక్కున తిరిగి, ఇక్కడొకటి మీదుగా ఇవతలికి వచ్చి, మా అత్త చేను గట్టు పక్కన కట్టిన మడుగులో నిండుగా ఆగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నీలగ్రీవం గారు "అద్భుతం!" అన్నారు. మా అత్త ఆ నీళ్ళ వైపు చూసింది, ఎండిన తన చేను వైపు చూసింది. రెంటికీ మధ్య ఒక్క గట్టు.

"బాబూ, దాటడం ఎలాగూ అయిపోయింది. ఆ గట్టు కాత్త తెగ్గొట్టి ఈ నీళ్ళు మా చేలోకి వదిలేద్దురూ, మీకు పుణ్యముంటది," అని పరాంకుశం గారిని అడిగింది.

ఆయన కంగారుపడిపోయారు. "అమ్మా, ఎంత మాట! ఇవి పెద్ద కాలువ నీళ్ళు. రికార్డు ప్రకారం అవతలి గట్టువారి సొత్తు. ఇవతలి గట్టున వాడితే నేరం. ఇవి ఇక్కడికి వచ్చింది పారడానికి కాదు, దాటడానికి."

అప్పటికే అవతలి గట్టు రైతులు గుంపుగా వచ్చేశారు. వాళ్ళ ముఖాలు జేవురించి ఉన్నాయి.

"మా నీళ్ళేవండీ?"

"దాటాయి," అన్నారు పరాంకుశం గారు.

"మా గట్టు మీంచే కదండీ దాటాయి? మా దగ్గర ఆగలేదేంటండి?"

"ఆగితే దాటడం ఎలా అవుతుందయ్యా?"

ఈ జవాబులోని తర్కం వాళ్ళకు ఎక్కలేదు. మర్నాడు మేం లోపలుండగానే డివిజను ఆఫీసుకు తాళం వేసి దాని ముందు వంటలు మొదలెట్టారు. మూడో రోజుకు వాళ్ళ చేపల పులుసు వాసనకు లోపల ఉన్న మాకు పని సాగలేదు. జనవాక్యం రెండు గట్ల నుంచీ రెండు రకాలుగా వస్తే ఏది కర్తవ్యం అనేది సర్క్యులర్లో లేదు. కాబట్టి శాఖ రెంటినీ మన్నించింది. పెద్ద కాలువ మళ్ళీ అవతలికి వెళ్ళడానికి మూడో అక్విడక్టు మంజూరు చేసింది. అదీ కట్టారు. ఊరివాళ్ళు దాన్ని "ఇంకొకటి" అన్నారు. అవతలి గట్టువాళ్ళకు మునుపటిలాగే నీళ్ళందాయి. అంటే మా శాఖ ఇన్నాళ్ళు శ్రమించి పరిస్థితిని ఉన్నచోటికి తెచ్చిపెట్టింది. ఈపాటి పట్టుదల ఎవరికుంటుంది?

అయితే చిన్న కాలువ మీద ఇప్పుడు మూడు వరుసల కమానులున్నాయి. మూడింటి కిందా గుర్రపు డెక్క అల్లుకుంది. ఒకప్పుడు ఒకచోట ఆగే నీళ్ళు ఇప్పుడు మూడుచోట్ల ఆగుతున్నాయి. అత్త చేలో నెర్రెలిచ్చిన నేలలో నా అరచెయ్యి పట్టేది.

సంగతి తెలిసి నీలగ్రీవం గారు హుటాహుటిన వచ్చారు. మూడు అక్విడక్టులనూ వేళ్ళ మీద లెక్కపెట్టి తల పట్టుకున్నారు. "ఎంత పొరపాటు! ఒకసారి దాటడం దోషం, రెండోసారి శాంతి. మూడోసారి దాటారంటే మళ్ళీ దోషంలోనే వదిలేశారన్నమాట. పాపం, ఆ పైరు ఎలా ఎదుగుతుంది? దాటుళ్ళు ఎప్పుడూ సరిసంఖ్యలో ఉండాలి!"

"మరి నాలుగోది కడితే అవతలి గట్టువాళ్ళు..." అని నేను నసిగాను.

"ఐదోది కడదాం," అన్నారాయన.

"అప్పుడు బేసి అవుతుందేమోనండి."

"ఆరోది కడదాం. సంప్రదాయానికి అంతం ఏమిటయ్యా?"

నాలుగో దానికి చోటు చూశారు. మూడుసార్లు దాటిన పెద్ద కాలువ నాలుగోసారి దాటి వచ్చి దిగాలంటే ఇవతలి గట్టున ఒకే ఒక్క చోటు మిగిలింది. ఆ గీత కూడా నాచేతే గీయించారు. పెన్సిలు మా అత్త ఎకరంన్నర మధ్యలోంచి పోయింది. వారంలో ఇంటికి నోటీసు వచ్చింది. అత్తకు నేనే చదివి వినిపించాను. "మీ పొలములోని పైరు యొక్క ఎదుగుదల నిమిత్తము మీ పొలము సేకరించబడును."

పొయ్యి మీద చారు పొంగిపోతుంటే కూడా అత్త లేవలేదు. ఆఖరికి, "నా నోరే నా చేను తినేసిందిరా గవర్రాజూ," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. ఉద్యోగం, డ్రాయింగు బల్ల, గీత గీసిన నా చెయ్యి, అన్నిటి మీదా నాకు అసహ్యం వేసింది.

మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళాను.

"ఆ రోజు ఏదో ఉక్రోషంలో అన్నాను బాబూ. ఉత్తుత్తినే అన్న మాట. ఎనక్కి తీసేసుకుంటాను," అంది అత్త.

"ఉత్తుత్తిదైనా జనవాక్యం జనవాక్యమేనమ్మా. మాట వెనక్కి ఇచ్చే వెసులుబాటు సర్క్యులర్లో లేదు. కాలువనైతే వెనక్కి తిప్పగలం," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. "అభ్యంతరాల విచారణ ఉంటుంది. అక్కడ చెప్పుకోండి. కాకపోతే చెప్పేది సంప్రదాయబద్ధంగా ఉండాలి. పంట, నీళ్ళు, బతుకు లాంటివి అక్కడ చెల్లవు."

ఆ మాట విని అత్త ఆయన్ను ఎగాదిగా చూసింది. ఆ వారమంతా వంట చేస్తున్నా, గేదె పాలు పితుకుతున్నా, తనలో తనే ఏదో గొణుక్కుంటూ ఉండేది. మతి గాని చలించిందేమోనని నాకు దిగులు పట్టుకుంది.

విచారణ రోజున అత్త పెట్టెలోంచి పెద్దంచు చీర తీసి కట్టుకుంది. నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టింది. ఆఫీసు హాల్లో పరాంకుశం గారు, నీలగ్రీవం గారు పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ నేరుగా నీలగ్రీవం గారి ముందుకు వెళ్ళి నిలబడింది.

"అయ్యా, తవరు చదువుకున్నోరు. దాటితే ఎదగందెవరండి?"

"పసిపిల్లలమ్మా."

"మరి పెద్దోళ్ళని దాటితేనండి?"

"అపచారం," అన్నారాయన, చెవులు మూసుకున్నంత పని చేసి. "మహాపచారం."

"దానికి విరుగుడు ఎనక్కి దాటడమేనా అండి?"

"కాదు, కాదు. మళ్ళీ దాటితే రెండింతల అపచారం. పెద్దవాళ్ళ కాళ్ళ మీద పడి దణ్ణం పెట్టుకోవాలి."

"అలాగా అండి. అయితే ఈ రెండు కాలవల్లో ఏది పెద్దదండి?"

"పెద్ద కాలువే. పేరులోనే ఉంది కదమ్మా," అన్నారు పరాంకుశం గారు నవ్వుతూ.

అత్త గొంతు తగ్గింది. "ఒళ్ళు పెద్దదైతే వయసు పెద్దదైపోద్దా అండి? మన అబ్బులు కొడుకు అబ్బులు కంటే మూరెడు పొడుగు. అంతమాత్రాన అబ్బులికి బాబైపోతాడా? కింద పడుకున్నోళ్ళు ముందే ఉండబట్టి కదండీ, తర్వాతొచ్చినోడికి దాటాల్సి వచ్చింది! చిన్న కాలవ తవ్విన ఎన్నాళ్ళకో కదండీ పెద్ద కాలవ తవ్వింది. మీరు పసిగుడ్డు, పసిగుడ్డు అంటున్నది ముసల్దండి. పెద్ద ముత్తయిదువ. ఒక్కసారి కాదు, మూడుసార్లు దాన్ని దాటించారు!"

నీలగ్రీవం గారి కలం చేతిలోంచి జారి బల్ల మీద దొర్లింది.

"వయోవృద్ధ లంఘనం!" అన్నారు ఆయన, మెల్లగా. "అద్భుతం! మొదటి నుంచీ రోగాన్ని తప్పుగా చదివాం. దీనికి మందు ప్రతిలంఘనం కాదు. ప్రణిపాతం! పెద్ద కాలువ చిన్న కాలువ కాళ్ళ మీద పడాలి!"

పరాంకుశం గారు ఇబ్బందిగా కదిలారు. "సార్, అది మెయిన్ కాలువ. ఇది పిల్ల కాలువ. హోదాలో అంత తేడా ఉన్నప్పుడు కాళ్ళ మీద పడటమంటే... రేపు సీనియారిటీ లిస్టు ఏమవుతుందండీ?"

"సీనియారిటీ అంటే వయసే కదండీ," అన్నారు నీలగ్రీవం గారు.

ఆ మాట పరాంకుశం గారికి ఎక్కడో తగిలింది. "నిజమే," అన్నారు. "ఇవాళ నా నెత్తి మీద కూర్చున్నవాళ్ళందరూ నా తర్వాత ఉద్యోగంలో చేరి నన్ను దాటుకుని పోయినవాళ్ళే. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నాకు దణ్ణం పెట్టి ఎరగడు." ఆయన బల్ల మీద గుద్దారు. "పడాల్సిందే! పెద్ద కాలువ కాళ్ళ మీద పడి తీరాల్సిందే!"

నాలుగో అక్విడక్టు రద్దయింది. కాలువకు కాళ్ళెక్కడ అనే చర్చ వచ్చింది. తల అంటే నీళ్ళు మొదలయ్యే చోటు కాబట్టి కాళ్ళంటే నీళ్ళు ముగిసే శివారు అని తీర్మానించారు. చిన్న కాలువ శివారు మా అత్త చేను పక్కనే. పెద్ద కాలువ వంపు కూడా అక్కడే. ఆ గట్టుకు ఒక తూము పెట్టి, తలుపెత్తితే పెద్ద కాలువ నీళ్ళు చిన్న కాలువ కాళ్ళ మీద పడేటట్టు డ్రాయింగు గీయమన్నారు. మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చుని గీశాను. నా ఉద్యోగ జీవితంలో చేను తడిపే గీత అదొక్కటే గీశాను.

మళ్ళీ సన్నాయి మేళం వచ్చింది. అబ్బులు తూము తలుపు ఎత్తాడు. పెద్ద కాలువ దబ్బున చిన్న కాలువ మీద పడి, సుడి తిరిగి, అత్త చేలోకి బిలబిలమని పరుగెత్తింది. "ప్రణిపాతం!" అని నీలగ్రీవం గారు చేతులు జోడించారు. పక్కనున్న అవతలి గట్టు రైతు ఒకాయన, ఇది అపచారం తీర్చే పని కాబట్టి కాబోలు, తన నీళ్ళని ఒక్క మాట అనకుండా తనూ దణ్ణం పెట్టాడు. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని చేలోకి దిగింది. నెర్రెల్లోకి నీళ్ళు గుటకలు వేస్తూ దిగుతుంటే వంగి వాటి మీద చెయ్యి వేసింది. పసివాడి వీపు నిమిరినట్టు నిమిరింది. నాకు ఏడుపొచ్చింది. చుట్టూ పై అధికారులుండటం వల్ల దగ్గొచ్చినట్టు దగ్గాను.

చేను నిండాక తలుపు దించబోతే నీలగ్రీవం గారు అడ్డం వచ్చారు. కాళ్ళ మీద పడ్డవాడు పెద్దలు దీవించి లెమ్మనేవరకూ లేవకూడదట. చిన్న కాలువ తరఫున దీవించేదెవరు? దాని కిందున్న రైతుల్లో అందరికంటే పెద్దది పల్లాలమ్మ. అప్పటి నుంచీ అదే పద్ధతి. నీళ్ళు కావలసినప్పుడు అత్త గట్టు మీదికి వెళ్ళి కాళ్ళు ముందుకు పెడుతుంది, అబ్బులు తలుపెత్తుతాడు. చాలనుకున్నప్పుడు, "లే నాయనా, చల్లగా ఉండు" అంటుంది, అబ్బులు దించుతాడు. చీఫ్ ఇంజనీరు గారు వచ్చి చెప్పినా ఆవిడ దీవించందే తలుపు కదలదు.

ఆ సార్వాకు చేను నడుమెత్తు లేచింది. కుప్ప నూర్చిన రోజున కొత్త బియ్యం వండి, అత్త నాకు కొసరి కొసరి వడ్డించింది. తన కంచంలో మెతుకు మిగల్లేదు.

కొత్త ఏడు రాగానే పరాంకుశం గారు స్వయంగా మా చేను గట్టుకు వచ్చారు. జనవాక్యం అమలులో మా డివిజను మొదటి స్థానంలో నిలిచిందట. అది నిలబెట్టుకోవాలట.

"అమ్మా, ఈ ఏటికి మరొక సంప్రదాయం కావాలి. ఏమైనా సెలవియ్యండి," అన్నారు వినయంగా.

ఆయన వెనక నిలబడి వద్దు వద్దని నేను సైగలు చేస్తూనే ఉన్నాను. అత్త నా వైపు చూడలేదు. దూరంగా అక్కడొకటి, ఇక్కడొకటి, ఇంకొకటి కింద దట్టంగా అల్లుకుని, వేళ్ళు నీళ్ళలోకి వేలాడేసుకుని ఉన్న గుర్రపు డెక్క వైపు చూసింది. ఆవిడ గొంతు తగ్గింది.

"అదుగోండి బాబూ. సంజెపూట గుమ్మంలో జుట్టు ఇరబోసుక్కూచున్నట్టు ఎలా కూచుందో చూడండి. అలా కూచుంటే ఇంటికేమవుద్దండి?"

"అరిష్టం!" అన్నారు పరాంకుశం గారు, ఉలిక్కిపడి. "మా అమ్మ కూడా ఈ మాటే అనేది. ఇన్నాళ్ళూ మన కళ్ళకు కనపడనే లేదు చూశావా గవర్రాజూ!" ఆవిడ రెండో ముక్క చెప్పేలోగానే ఆయన జీపెక్కేశారు.

వారం తిరక్కుండా టెండరు నోటీసు వచ్చింది. దాన్ని ఇంటికి తెచ్చాను. ఆవిడ అరుగు మీద చేటతో బియ్యం చెరుగుతోంది. పక్కన కూర్చుని చదివాను. "మూడు అక్విడక్టుల అడుగున గల గుర్రపు డెక్కకు జడలు వేయుటకు అనుభవజ్ఞులైన కాంట్రాక్టర్ల నుండి సీల్డు టెండర్లు కోరడమైనది."

అత్త చేట ఆపింది. నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

"పోన్లేరా," అంది. "జడెయ్యాలంటే ముందు చిక్కు తియ్యాలి కదా. ఊడినంత ఊడుద్ది."